ఫ్రూగల్ అంటే మెచ్చుకోలు, పార్సిమోనియస్ అంటే తిట్టు: మనిషి గుణాలు చెప్పే ఇంగ్లీషు మాటలు ఎలా నేర్చుకోవాలి

తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను. డిగ్రీ అయిపోయింది. రాజోలు దగ్గర ఇంట్లోనే ఉండి ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలకి, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నారు. మనుషుల గుణాలు, నడవడిక, మర్యాదల మీద ఇంగ్లీషు మాటల లిస్టు ఒకటి కోచింగులో ఇచ్చారు. పక్కన తెలుగు అర్థాలు రాసుకుని బట్టీ పట్టారు. వారం తిరిగేసరికి సగం మర్చిపోతున్నారు, మిగతా సగం ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. పైగా మాక్ ఇంటర్వ్యూలో మీ నాన్నగారి గురించి చెప్పమంటే ‘మై ఫాదర్ ఈజ్ ఎ పార్సిమోనియస్ మ్యాన్’ అన్నారు. కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఎందుకు నవ్వారో ఎవరూ చెప్పలేదు.

నేను చెప్తాను. నాన్నగారు పొదుపరి అని మెచ్చుకోబోయి, నలుగురిలో ఆయన్ని పిసినారి అన్నారు. మీ లిస్టులో పార్సిమోనియస్ పక్కన ‘పొదుపరి’ అని ఉండి ఉంటుంది. ఫ్రూగల్ పక్కనా అదే ఉండి ఉంటుంది. తప్పు లిస్టుది. మీరు బెంగపడాల్సింది ఏమీ లేదు.

నేను డెల్టాలోనే డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ రకం మాటల్లో మన పిల్లలు దెబ్బతినేది అర్థం తెలియక కాదని అక్కడే చూశాను. పడవ, కాలువ, కొబ్బరిచెట్టు లాంటి మాటలకి అర్థం తెలిస్తే చాలు. మనిషి గుణం చెప్పే మాట మాత్రం ప్రతిదీ ఒక తీర్పు. ఆ మాట అన్నవాడు ఎదుటివాణ్ణి మెచ్చుకుంటున్నాడా, ఈసడిస్తున్నాడా, ఎటూ మొగ్గకుండా చెప్తున్నాడా అన్నది మాటలోనే ఉంటుంది. అది తెలియకుండా అర్థం ఒక్కటే పట్టుకుంటే మీకు జరిగిందే జరుగుతుంది.

డబ్బు దగ్గరే మొదలుపెడదాం, మీకు దెబ్బ తగిలిందీ అక్కడే కాబట్టి. మూడెకరాలు కౌలుకి చేసుకుంటూ, వడ్డీకి తేకుండా, ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషిని ఊహించుకోండి. అతని స్నేహితుడు అతన్ని ఫ్రూగల్ అంటాడు. త్రిఫ్టీ అన్నా మెచ్చుకోలే. ఎకనామికల్ అన్నది మనిషికంటే పద్ధతికి, బండికి, గ్యాస్ స్టవ్వుకి బాగా నప్పుతుంది. అదే మనిషి గుడి చందాకి పది రూపాయలు ఇచ్చి పంపాడనుకోండి, చందా పుస్తకం పట్టుకొచ్చినవాడు స్టింజీ అంటాడు, ఇంకా ఒళ్ళు మండితే మైజర్లీ అంటాడు. ఆ ఒళ్ళుమంటనే పత్రికలోనో రిపోర్టులోనో పెద్దమనిషి తరహాలో రాస్తే పార్సిమోనియస్ అవుతుంది. మనిషి ఒక్కడే, ఖర్చూ అంతే. అనేవాడు మారాడు, దాంతో మాట మారింది.

మీ లిస్టులో నిగర్డ్లీ అన్న మాట ఉంటే ప్రశ్నలో కనబడితే గుర్తుపట్టేంతవరకే నేర్చుకోండి, నోటితో మాత్రం అనకండి. దాని అర్థం పిసినారితనమే, పుట్టుక ఉత్తర ఐరోపా భాషల్లో. కానీ చెవికి నల్లజాతివాళ్ళని తిట్టే ఒక నీచమైన మాటలా వినిపిస్తుంది. 1999లో వాషింగ్టన్ నగర మేయరు దగ్గర పనిచేసే ఒక అధికారి బడ్జెట్ గురించి మాట్లాడుతూ ఈ మాట వాడినందుకు గొడవై రాజీనామా చేయాల్సి వచ్చింది. తర్వాత ఆయన్ని మళ్ళీ కొలువులోకి పిలిచారనుకోండి. డిక్షనరీ ప్రకారం ఆయన మాటలో తప్పేమీ లేదు, అయినా ఉద్యోగం దాకా వచ్చింది.

ఖర్చు పెట్టే వైపూ ఇంతే. జెనరస్ మంచిమాట, మ్యూనిఫిసెంట్ దానికంటే పెద్ద మంచిమాట. ఊరికి హైస్కూలు కోసం స్థలం రాసిచ్చినవాడి శిలాఫలకం మీద పెట్టదగ్గది. సంక్రాంతికి కొత్తల్లుడొచ్చాడని అరిటాకు పట్టనన్ని రకాలు వండి వడ్డిస్తే అత్తగారివైపు వాళ్ళు లావిష్ హాస్పిటాలిటీ అంటారు. ఫోటో పేపర్లో చూసిన పక్కింటివాళ్ళు ఆస్టెంటేషస్ అంటారు, అంటే నలుగురూ చూడాలని చేసిన ఆడంబరం. అప్పుచేసి మరీ వండారని తెలిస్తే ఎక్స్‌ట్రావగెంట్. ఇక ప్రాడిగల్ అన్న మాట దగ్గర మన జిల్లాల పిల్లలు ప్రత్యేకంగా పొరపడతారు. చర్చికి వెళ్ళే ఇళ్ళల్లో అందరికీ లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడి కథ తెలుసు. ఇంగ్లీషులో ఆ కొడుకుని ప్రాడిగల్ సన్ అంటారు కాబట్టి ప్రాడిగల్ అంటే తప్పిపోయినవాడు అని ఖాయం చేసేసుకుంటారు. ఆ మాటకి అసలు అర్థం దుబారా మనిషి. ఆ కొడుకు తండ్రి దగ్గర వాటా పుచ్చుకుని అంతా తగలేశాడు, అందుకే ఆ పేరు. పరీక్షలో ప్రాడిగల్‌కి వ్యతిరేకార్థం అడిగితే జవాబు ఫ్రూగల్ లేదా త్రిఫ్టీ అవుతుంది.

ఇప్పుడు అసలు సలహా. లిస్టు పక్కన పెట్టండి. మీ నోట్లో ఇప్పటికే ఉన్న ఇంగ్లీషు నుంచి మొదలుపెట్టండి. మనం రోజూ మనుషుల గుణాలు చెప్పడానికి బోలెడు ఇంగ్లీషు మాటలు వాడతాం. వాటిలో చాలావాటికి మనం ఇచ్చుకున్న అర్థం వేరు, ఇంగ్లీషువాడి అర్థం వేరు. ఆ తేడా పట్టుకుంటే, మనం చెప్పదలుచుకున్నదానికి సరైన మాట ఏదో దానంతటదే కావలసివస్తుంది. కావలసివచ్చి నేర్చుకున్న మాట మర్చిపోవడం కష్టం.

‘మావాడు సిన్సియర్‌గా చదువుతున్నాడండి’ అంటాం. ఇంగ్లీషులో సిన్సియర్ అంటే మనసులో ఉన్నదే పైకి చెప్పేవాడు, పైపై మాటలు లేనివాడు. కష్టపడి చదివేవాడు డిలిజెంట్. ఎవరూ చూడకపోయినా అప్పగించిన పని సక్రమంగా చేసేవాడు కాన్షియెన్షస్. ఈ రెండో మాట ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో బంగారం లాంటిది. దాంట్లో కాన్షెన్స్ ఉంది, అంటే అంతరాత్మ. అది గుర్తుంచుకుంటే కాన్షస్‌తో కలిసిపోదు.

‘పాపం, చాలా ఇన్నోసెంట్’ అంటాం, అమాయకుడని. ఆ వాడుక ఇంగ్లీషులోనూ కొంత ఉంది గానీ, పెద్దవాళ్ళ విషయంలో ఇన్నోసెంట్ అనగానే ముందు తట్టేది నేరం చెయ్యనివాడు, నిర్దోషి. లోకం పోకడ తెలియనివాడు నయీవ్. ఎవరేం చెప్పినా నమ్మేసేవాడు గలిబుల్, అదే గంభీరమైన రాతలో క్రెడ్యులస్. ఏడాదిలో డబ్బు రెట్టింపు చేస్తామన్న కంపెనీలో పొలం అమ్మిన సొమ్ము పోసినవాడు గలిబుల్. ఎదుటివాణ్ణి అలా నమ్మించేవాడు అన్‌స్క్రూప్యులస్. స్క్రూపుల్ అన్నమాట లాటిన్‌లో చిన్న పదునైన రాయి నుంచి వచ్చింది. చెప్పులో దూరిన గులకరాయిలా మనసులో గుచ్చేది అన్నమాట. ఆ గుచ్చుకోవడం అసలు లేనివాడు అన్‌స్క్రూప్యులస్.

‘ఆయన అందరితో ఫ్రీగా ఉంటాడు’ అని మనం అనేదానికి ఇంగ్లీషు మాట అఫబుల్ లేదా అప్రోచబుల్. అఫబుల్‌లో ఉన్న లాటిన్ ముక్కకి మాట్లాడటం అనే అర్థం. దగ్గరికెళ్ళి మాట్లాడదగ్గవాడని. ‘ఆవిడ చాలా సోషల్’ అనేదానికి సోషబుల్. గుంపు లేకపోతే తోచనివాడైతే గ్రిగేరియస్, అది లాటిన్‌లో మంద అనే మాట నుంచి పుట్టింది. ‘రఫ్‌గా మాట్లాడతాడు’ అంటే కర్ట్ లేదా బ్రస్క్. కర్ట్ అంటే పుల్లవిరిచినట్టు రెండు ముక్కల్లో తెంపేసేవాడు, బ్రస్క్ అంటే తొందరలో మొరటుగా తోసిపారేసేవాడు. కావాలని గాయం చేసేంత గరుకైతే అబ్రేసివ్. ‘ఏంటి అలా డల్‌గా ఉన్నావ్’ అని స్నేహితుణ్ణి అడగడం మనకి మామూలే. ఇంగ్లీషులో ఒక మనిషిని డల్ అంటే బోరు కొట్టించేవాడు, లేదా బుర్ర చురుకులేనివాడు. దిగులుగా ఉన్నవాడు డౌన్‌కాస్ట్. ‘బిల్డప్ ఇస్తున్నాడు’ అనేదానికి ప్రిటెన్షస్.

పెళ్ళి ప్రకటనల్లో కనబడే ‘హోమ్లీ గర్ల్’ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. మనకి అది ఇంటిపట్టున అణకువగా ఉండే అమ్మాయి. ఇంగ్లండులో ఆ మాట సాదాసీదా, ఇంటివాతావరణం ఉన్న చోటుకి వాడతారు. అమెరికాలో మనిషి గురించి హోమ్లీ అంటే అందంగా లేదని మర్యాదగా చెప్పడం. అమెరికా సంబంధాలు చూసేవాళ్ళు ఆ ప్రకటన ఒక్కసారి అక్కడి పిల్లాడి కళ్ళతో చదివి పంపాలి.

అన్నీ తప్పులే అనుకోకండి. జోవియల్, ఫ్రాంక్, రిజర్వ్‌డ్, పంక్చువల్ మనం సరిగ్గానే వాడుతున్నాం. జోవియల్ ఎంత చక్కని మాటో! గురుగ్రహానికి అధిపతైన రోమన్ దేవుడు జోవ్ పేరు మీద వచ్చింది. ఆ గ్రహం కింద పుట్టినవాడు సరదామనిషి అని అక్కడి జ్యోతిష్యం.

ఇక మాటకారితనం. ఈ కుటుంబం మన ప్రాంతానికి బాగా అవసరం. టాకటివ్ మామూలు మాట. లక్వేషస్ దానికి పుస్తకాల భాషలో జోడీ, పెద్దగా తిట్టు కాదు. గ్యారలస్ తిట్టే, పనికిరాని సంగతులు సాగదీసేవాడు. ఎలక్వెంట్ గొప్ప మెచ్చుకోలు. గ్లిబ్ అన్నదాంతో జాగ్రత్త, మాట గడగడా వస్తుంది గానీ లోపల సరుకు లేదని అర్థం. ఇటువైపు టాసిటర్న్ అంటే స్వభావంచేత మాట తక్కువవాడు. రెటిసెంట్ అంటే మాట వచ్చి కూడా తన సంగతులు బయటపెట్టనివాడు. లకానిక్ మాత్రం నాకు ఇష్టమైన మాట, అతి తక్కువ మాటల్లో సంగతి తేల్చేసేవాడని. గ్రీకుదేశంలో స్పార్టా ఉన్న ప్రాంతం పేరు లకోనియా. మాసిడోనియా రాజు ఫిలిప్ ‘నేను మీ దేశంలో అడుగుపెడితే మీ ఊరు నేలమట్టం చేస్తాను’ అని కబురు పంపితే, స్పార్టావాళ్ళు ఒకే ఒక్క మాట తిరిగి పంపారని కథ: ‘పెడితే’.

ఆ జవాబు వింటే మన వాళ్ళదేమో అనిపిస్తుంది. గోదారి ఎటకారానికి ఇంగ్లీషులో ఏ మాట అని మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. ఒక్క మాట చాలదు. అరుగు మీద ఇద్దరూ ఇద్దరినీ ఆటపట్టించుకుంటే బ్యాంటర్, అందులో ఎవరికీ నొప్పి లేదు. తెలివిగా నవ్విస్తే విటీ, మెచ్చుకోలు. పైకి పొగుడుతున్నట్టు అని లోపల గుచ్చితే సార్కాస్టిక్. చావుపరామర్శకి వెళ్ళి కూడా జోకు ఆపుకోలేనివాడు ఫెసీషస్, అంటే గంభీరంగా ఉండాల్సిన చోట వేళాకోళం చేసేవాడు. ‘ఆయ్, తమరు రాబట్టే వాన పడిందండి’ అన్న మాట ఈ నాలుగింటిలో ఏదవుతుందో అన్నవాడి మొహం చూస్తే తప్ప తేలదు. ఈ కుటుంబాన్ని నేర్చుకోవడానికి మీకు కోచింగు అక్కర్లేదు, సాయంత్రం టీకొట్టు దగ్గర అరగంట కూర్చుంటే చాలు.

పెద్దా చిన్నా మధ్య నడవడిక చెప్పే మాటలు పరీక్షల్లో ఎక్కువ వస్తాయి. పొలైట్, కర్టియస్ రెండూ మంచివే, రెండోదాంట్లో శ్రద్ధ కాస్త ఎక్కువ. సివిల్ అన్నమాట మెచ్చుకోలని చాలామంది అనుకుంటారు. ‘హి వజ్ సివిల్ టు మి’ అంటే కనీస మర్యాద తప్పలేదు, అంతకుమించి ఏమీ లేదు అని. విడిపోయిన అన్నదమ్ములు పెళ్ళిలో ఎదురుపడి ‘బాగున్నారా’ అనుకుని చెరో పంక్తిలో కూర్చుంటే అది సివిల్. పెద్దల మాటకి విలువిచ్చి తగ్గి ఉండటం డెఫరెన్షియల్. మన ‘ఆయ్, అలాగేనండి’ బయటివాళ్ళకి ఇలాగే వినిపిస్తుంది. ఆ తగ్గడం పని కోసమైతే ఆబ్సీక్వియస్, చేతులు నలుపుకుంటూ వెనకాలే తిరగడం. ఆ మాటలోనే వెంటపడటం ఉంది. పైనున్నవాడు కిందివాళ్ళతో బాగుంటే గ్రేషస్. బాగున్నట్టు ఉంటూనే ‘నీకర్థం కాదులే’ అనే ధోరణి కనిపిస్తే కాండెసెండింగ్. పేట్రనైజింగ్ కూడా అదే. విచిత్రం ఏమిటంటే ఒక కొట్టుని పేట్రనైజ్ చెయ్యడం మంచిపని, మనిషిని పేట్రనైజ్ చెయ్యడం చెడ్డపని. ఇక సూపర్సిలియస్ అంటే పొగరు. లాటిన్‌లో సూపర్సిలియం అంటే కనుబొమ్మ. పై ఆఫీసరు కనుబొమ్మ ఎత్తి మీ అప్లికేషను చూసిన చూపు గుర్తుంటే ఈ మాట గుర్తుంటుంది.

ఒక్క పక్కమాట చెప్పి ముందుకెళ్తాను, వ్యవసాయపు ఇళ్ళవాళ్ళం కాబట్టి. ఇంగ్లీషులో మర్యాద మాటలు చాలావరకు కోటలోంచి, పట్నంలోంచి వచ్చాయి. కర్టియస్‌లో రాజుగారి కోర్టు ఉంది. అర్బేన్‌లో నగరం ఉంది. జెనరస్ అంటే మొదట్లో గొప్ప వంశంలో పుట్టినవాడు. మరి తిట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? విలన్ అంటే మొదట జమీందారు భూమి దున్నే పాలేరు. బూర్ అన్న మాటకి మూలం డచ్చి భాషలో రైతు. చర్ల్ అంటే పాత ఇంగ్లీషులో మామూలు పల్లెటూరి మనిషి. రాసేవాళ్ళు కోటలో కూర్చుని రాశారు మరి. మన ‘పల్లెటూరి బైతు’ పుట్టిందీ ఇలాగే.

మీ లిస్టులో బహుశా లేనిది ఇంకొకటి ఉంది. మర్యాదని వర్ణించే మాటలు వేరు, మర్యాదగా మాట్లాడటం వేరు. తెలుగులో మర్యాద క్రియకి అంటుకుని ఉంటుంది. ‘ఇవ్వండి’ అన్నామంటే పని అయిపోయింది, ఇంకేమీ కలపక్కర్లేదు. ఆ అలవాటుతో ‘గివ్ మి ద ఫారం’ అని చివర ప్లీజ్ తగిలిస్తాం. ఇంగ్లీషు చెవికి అది ఇంకా ఆర్డరే. అక్కడ మర్యాద ప్రశ్నలో ఉంటుంది: ‘కుడ్ ఐ హ్యావ్ ద ఫారం?’, ‘వుడ్ యు మైండ్ వెయిటింగ్?’ ఈ రెండోదానికి జవాబుతో జాగ్రత్త. ఆగడానికి మీకు ఇష్టమే అయితే ‘నాట్ ఎట్ ఆల్’ అనాలి. ‘యెస్’ అన్నారంటే నాకు అభ్యంతరం ఉందని చెప్పినట్టు. గల్ఫ్‌కో, నర్సింగు మీద లండన్‌కో వెళ్ళే పిల్లలకి కాండెసెండింగ్ స్పెల్లింగుకంటే ఇది ముందు నేర్పాలని నా గట్టి అభిప్రాయం. ఇక ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ మన ఆఫీసుల్లో చెల్లుతుంది, బయటివాళ్ళకి తాతలనాటి ఉత్తరంలా ఉంటుంది.

మనిషి గుణం చెప్పే మాట తర్వాత ఏ చిన్న మాట వస్తుందో కూడా కలిపే నేర్చుకోండి. పొలైట్ టు, రూడ్ టు, ఇన్‌డిఫరెంట్ టు, స్క్రూప్యులస్ అబౌట్. కైండ్ దగ్గర రెండుంటాయి. ‘షి వజ్ కైండ్ టు మి’ అంటే నా మీద దయ చూపింది. ‘ఇట్ వజ్ కైండ్ ఆఫ్ హర్ టు వెయిట్’ అంటే ఆగడం ఆవిడ మంచితనం. వాక్యంలో తప్పు పట్టమనే ఎర్రర్ స్పాటింగు ప్రశ్నల్లో దీన్నే తిప్పి తిప్పి అడుగుతారు.

కవల మాటలు పరీక్షవాళ్ళకి ఇష్టం కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఇంజీనియస్ చాతుర్యం ఉన్నవాడు, ఇంజెన్యుయస్ కల్లాకపటం తెలియనివాడు. కంటెంప్టిబుల్ అసహ్యించుకోదగ్గవాడు, కంటెంప్చువస్ ఇతరుల్ని అసహ్యించుకునేవాడు. చైల్డిష్ తిట్టు, చైల్డ్‌లైక్ మెచ్చుకోలు. సెన్సిబుల్ వివేకం ఉన్నవాడు, సెన్సిటివ్ త్వరగా నొచ్చుకునేవాడు లేదా ఇతరుల బాధ ఇట్టే తెలుసుకునేవాడు. అఫీషస్ అన్నదానికి ఆఫీసుతో పనిలేదు, పిలవకుండా ప్రతిదాంట్లో తలదూర్చేవాడు. డిస్‌ఇంట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడని అందరూ రాస్తారు. పరీక్ష కోరేది తన లాభం చూసుకోకుండా తీర్పు చెప్పేవాడు అని. చేను గట్టు తగాదాలో రెండువైపులా చుట్టరికం లేని పెద్దమనిషి డిస్‌ఇంట్రెస్టెడ్ అయి ఉండాలి, అన్‌ఇంట్రెస్టెడ్ అయితే నిద్రపోతాడు.

మూలాలు నేర్చుకోమని అందరూ చెప్తారు. ఉపయోగమే, కొంతవరకు. మ్యాగ్నానిమస్‌లో మ్యాగ్నస్ అంటే పెద్ద, యానిమస్ అంటే మనసు, ఆత్మ. అచ్చం మన ‘మహాత్ముడు’ లాగే కట్టిన మాట. అదే యానిమస్ ముందు మరీ చిన్నది అనే మాట పెడితే ప్యూసిలానిమస్, పిరికివాడు. బెనివొలెంట్ మంచి కోరేవాడు, మలెవొలెంట్ చెడు కోరేవాడు. కానీ మూలం ఎప్పుడూ నమ్మదగ్గ సాక్షి కాదు. ఎగ్రీజియస్ అంటే మూలంలో మంద నుంచి వేరుగా నిలిచినవాడు, గొప్పవాడు. ఇవాళ దాని అర్థం ఘోరమైన, సిగ్గుమాలిన. మూలం చూసి మార్కు పెట్టారంటే పోయినట్టే.

ఇప్పుడు మర్చిపోవడం సంగతి. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థంలేని అక్షరాల గుంపులు తానే బట్టీపట్టి, తానెంత మర్చిపోతున్నాడో కొలిచి రాశాడు. మర్చిపోవడం ఎక్కువగా మొదటి గంటల్లో, మొదటి రోజులోనే జరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మీ లిస్టులో మాటలూ మీకు అర్థంలేని అక్షరాలే, అందుకే అదే గతి పట్టింది. విరుగుడు రెండుంటాయి. ఒకటి, ఎడం పెంచుకుంటూ తిరగేయడం: ఇవాళ, రేపు, మూడోరోజు, వారానికి, నెలకి. యాంకీ అనే యాప్ ఆ లెక్క తనే చూసుకుంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితం. ఫోను తీస్తే చదువు ఆగి రీల్స్ మొదలవుతాయనుకుంటే అట్టముక్కలు, మూడు డబ్బాలు చాలు. వచ్చిన మాట తర్వాతి డబ్బాలోకి, రానిది వెనకటి డబ్బాలోకి.

రెండోది అంతకంటే ముఖ్యం. అట్టముక్క మీద తెలుగు అర్థం రాయకండి. మీకు తెలిసిన మనిషి పేరు పెట్టి ఒక వాక్యం రాయండి, ఆ వాక్యం ఎవరు అంటున్నారో కూడా రాయండి. ‘మా మేనమామని మా అత్త పార్సిమోనియస్ అంటుంది, మా అమ్మ ఫ్రూగల్ అంటుంది.’ అయిపోయింది, ఈ రెండు మాటలు మీకు జన్మలో కలవవు. రోజుకి ఆరేడు మాటలు చాలు, అదీ ఒకే కుటుంబంలోవి, మెచ్చుకోలు నుంచి తిట్టు దాకా వరసగా. అట్టముక్కలు మాత్రం ఇంట్లో బల్ల మీద వదిలేయకండి, మేనమామకి ఇంగ్లీషు రాదని ధీమా పడకండి.

డిక్షనరీ ఏది అని అడిగారు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు డిక్షనరీ వాడండి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ ఒకటి. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన హార్న్‌బీ అనే ఆయన, తోటివాళ్ళతో కలిసి అక్కడి విద్యార్థుల అవస్థ చూసి తయారుచేసిన నిఘంటువు దానికి మూలం. 1942లో మొదట జపాన్‌లోనే అచ్చయింది. కేంబ్రిడ్జ్ డిక్షనరీ నెట్‌లో ఉచితం. వీటిలో చాలా గుణవాచకాల పక్కన అప్రూవింగ్ అనో డిస్‌అప్రూవింగ్ అనో, ఫార్మల్ అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు వెతుకుతున్న ‘వైపు’ అదే. అర్థం చదివే ముందు ఆ చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు చూడొద్దని అనను, రెండోసారి సరిచూసుకోవడానికి పనికొస్తుంది. మన రాజమండ్రిలో కొలువు చేసి వెళ్ళిన సి.పి. బ్రౌన్ దొరగారి నిఘంటువులు నెట్‌లో దొరుకుతాయి. అవి తెలుగు మీద ప్రేమతో తిరగేయడానికే, పరీక్షకి మాత్రం వద్దు. వాటిలో ఇంగ్లీషు 1850లనాటిది.

పరీక్ష లెక్క కూడా చెప్తాను. ఎస్సెస్సీ వాళ్ళు డిగ్రీ చదివినవాళ్ళకి పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టైర్-1లో ఇంగ్లీషు 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. సమానార్థకం ప్రశ్నలో మాట మంచిదో చెడ్డదో తెలిస్తే చాలాసార్లు నాలుగింటిలో రెండు ఎగిరిపోతాయి. మిగిలిన రెండిట్లో కళ్ళు మూసుకుని పెట్టినా సగటున ముప్పావు మార్కు మీకే మిగులుతుంది. అందుకే అర్థం పూర్తిగా రాకపోయినా వైపు గుర్తుంచుకోమంటున్నాను.

చివరగా ఇంటర్వ్యూ. ఈ పెద్ద మాటలు ఇతరుల గురించి చెప్పడానికి, చదివి తెలుసుకోవడానికి. మీ గురించి మీరు మ్యాగ్నానిమస్ అనో, హంబుల్ అనో చెప్పుకుంటే మాక్ ఇంటర్వ్యూలో వచ్చిన నవ్వే మళ్ళీ వస్తుంది. పేషెంట్, పంక్చువల్, కాన్షియెన్షస్ లాంటి చిన్న మాటొకటి చెప్పి, దానికి మీ జీవితంలోంచి ఒక సంగతి జోడించండి. మీ కాండక్ట్ సర్టిఫికెట్‌లో ‘శాటిస్‌ఫాక్టరీ’ అని ఉంటుంది చూడండి. మనకి అది ఘనంగా కనిపిస్తుంది గానీ ఇంగ్లీషులో దానర్థం ‘ఫర్వాలేదు’ అంతే, కాబట్టి దాన్ని చూపించి గొప్ప చెప్పుకోవద్దు. నాన్నగారి గురించి మళ్ళీ అడిగితే ఇలా చెప్పండి: ‘మై ఫాదర్ ఈజ్ ఫ్రూగల్ విత్ మనీ, బట్ జెనరస్ విత్ హిజ్ టైమ్.’ ఆ తర్వాత ఊళ్ళో ఆయన ఎవరికి ఏం సాయం చేశారో ఒకటి చెప్పండి. ఏం చెప్తారో ముందు కింద రాసి పెట్టండి, ఇంగ్లీషు నేను చూస్తాను.